బట్టల గది తలుపు

ట్యునీషియాలోని స్ఫాక్స్ నగరంలో మిట్టమధ్యాహ్నం. మేడ మీద బట్టలు ఉతికే గదికి లోపలినుంచి గడియ వేసి ఉంది. లోపల పదహారేళ్ళ సిరీన్, బయట ఆమె తండ్రి మున్జిర్, ట్యూనిస్‌కి అద్దె బండి తోలేవాడు.

"విరగ్గొట్టనమ్మా, విరగ్గొట్టను. ఇదిగో, తలుపు మీంచి చేతులు తీసేశాను. నువ్వు ఒక్క మాట మాట్లాడు చాలు. సిరీన్? పోనీ మాట్లాడకు, ఒకసారి తట్టు. ఉన్నావా?"

"ఉన్నాను."

"హమ్మయ్య. నీ గొంతు విని ఎనిమిది రోజులైంది. గొంతు నొప్పి అనుకుని మీ అమ్మ తేనె, నిమ్మకాయ పట్టుకుని నీ వెనకే తిరుగుతోంది. నొప్పి కాదు కదూ?"

"కాదు."

"మరి?"

"నువ్వు బండి దగ్గరికి వెళ్ళు. ట్యూనిస్ వెళ్ళేవాళ్ళు ఎదురుచూస్తుంటారు."

"వాళ్ళని స్టాండులో ఇంకో డ్రైవరు, ఫౌజీ బండిలో ఎక్కించేసి వచ్చాను. అమ్మా, ఒకటి అడుగుతాను, కోప్పడను. నానమ్మ మందుల సంచి కనిపించట్లేదంట. నీ దగ్గరుందా?"

"ఉంది."

"తెరిచావా?"

"లేదు."

"నిజంగా?"

"లేదన్నాను కదా. పట్టుకుని కూర్చున్నా, అంతే."

"సరే. సరే. నాకిచ్చెయ్. తలుపు కింద సందుంది చూడు, పడుతుంది. తొయ్యి. ఇంకొంచెం. ఆ, అందింది. ఆగు, చూడనీ... అన్నీ ఉన్నాయి. ఇక్కడే కింద కూర్చుంటున్నా. మీ అమ్మ డాక్టరమ్మని తీసుకురావడానికి వెళ్ళింది. అంతదాకా నాతో మాట్లాడు. బళ్ళో ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"అన్లేదు. పెట్టారు."

"ఏం పెట్టారు?"

"వీడియో."

"అంటే... అలాంటిదా? చెప్పమ్మా, ఏదైనా సరే, అలాంటిదేనా?"

"కాదు బా... బా... చూశావా, మళ్ళీ పట్టేసింది. ఇందుకే మాట్లాడను."

"ఎంతసేపైనా పట్టనీ. నాకేం తొందర లేదు."

"ఇంట్లో ఒకళ్ళ పని గురించి చెప్పమంది టీచరు. నేను నీ గురించి రాసుకున్నా. బండి ఎక్కలేని ముసలివాళ్ళని నువ్వు చెయ్యి పట్టి ఎక్కిస్తావు కదా, అదీ, ఇంకా చాలా. బాగా వచ్చిందనుకున్నా. లేచి నిలబడితే మొదటి మాటే రాలేదు. నిన్ను పిలిచినట్టే 'బాబా' అనాలి. 'బా' దగ్గరే ఆగిపోయా. టీచరు కూర్చోమనే దాకా అదే. వెనక బెంచీ వాళ్ళు ఫోనులో తీసి, నా మొహం మీద గొర్రె తల అతికించారు. ఇప్పుడు ఊరంతా ఉంది. రొట్టెలకి వెళ్తే ఎవరో చిన్నపిల్లలు, నేనెవరో కూడా తెలీదు వాళ్ళకి, ఊరికే గొర్రె అరుపులా 'బా బా' అని ఆడుకుంటున్నారు. ఫోను ఆపేసి బీరువాలో పెట్టా, అయినా మోగుతూనే ఉంటుంది నాకు. నిద్ర పట్టదు. పడితే నా మొహం నిజంగానే అలా అయిపోయినట్టు ఉంటుంది. అద్దం చూడాలంటే భయం."

"గొర్రె తలా?"

"ఊఁ."

"మెడలో గంట కూడా ఉందా?"

"ఎందుకడుగుతున్నావు?"

"ఏం లేదు. ఊరికే. ఎవరు తీశారు? పేర్లు చెప్పు."

"అనీస్. వాడి పక్కన రామీ."

"వాళ్ళ సంగతి నేను చూస్తాను. రేపు పొద్దున్నే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్తా. అక్కడ కాకపోతే పోలీసుల దగ్గరికి. నువ్వు దేనికీ భయపడక్కర్లేదు."

"వాళ్ళకి నేను భయపడలేదు. ఆ తర్వాత రెండు రోజులు బడికి వెళ్ళాను కూడా. మొహానికి ఎదురుగా అరిచినా వెళ్ళాను. ఇంటికొస్తే అయిపోతుంది కదా అనుకునేదాన్ని."

"మరి?"

"పోయిన మంగళవారం మన ఇంటి గ్రూపులోకి వచ్చింది."

"సిరీన్..."

"అత్తలు, పెదనాన్న, అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. పంపినవాళ్ళు కింద రాశారు, కడుపు చెక్కలయ్యేలా నవ్వానని."

"ఎవడో స్టాండులో చూపించాడమ్మా. అందరూ నవ్వుతున్నారు. మొహం కనపడలేదు, గొంతు కూడా ఏదో చేసేశారు. అది నువ్వని నాకు తెలీదు. తెలిస్తే పంపుతానా?"

"నీకు తెలీదని నాకు తెలుసు."

"నువ్వని తెలిస్తే అసలు నవ్వేవాడినా?"

"నేను కాకపోతే నవ్వొచ్చా, బాబా?"

"ఆగు, ఫోను తీస్తున్నా."

"బాబా? ఫోనులో ఏం చేస్తున్నావు?"

"గ్రూపులో రాస్తున్నా. అందులో ఉన్నది నా కూతురు, పంపిన వెధవని నేనే, అని."

"గడియ తీస్తున్నా."

"వద్దు. కాసేపు ఆగు. ఇందాకటి నుంచీ తెరవమని బతిమాలాను గానీ, ఇప్పుడు వద్దు. నీ మొహం చూడలేనమ్మా."

"తీసేశాను. ఇటు తిరుగు."