జపనీస్ రాని మాస్టారు

నగోయాలో ఒక ఇంగ్లీషు ట్యూషన్ సెంటర్. పిల్లలు వెళ్ళిపోయాక మేనేజరమ్మ విదేశీ మాస్టారిని పిలిచి జపనీస్‌లో మందలించింది.

“నిన్న మన పిల్లాడు సోతా మెట్ల మీద పడితే మీరు జపనీస్‌లో ఓదార్చారట.”

“మోకాలు చీరుకుపోయి ఏడుస్తున్నాడండీ.”

“ఏడవనివ్వండి. మీకు మా భాష ఒక్క ముక్క రాదు, మీతో ఇంగ్లీషులోనే మాట్లాడాల్సి వస్తుందని వాళ్ళమ్మకి చెప్పి మరీ వాణ్ణి చేర్చుకున్నాం.”

“నేను ఈ ఊరి అల్లుణ్ణి మేడమ్. వచ్చి తొమ్మిదేళ్ళయింది.”

“అదంతా మీ ఇంట్లో. ఇక్కడ మాత్రం మీరు నిన్నే విమానం దిగారు. రేపు వాళ్ళమ్మ వచ్చి ఏమడిగినా బిక్కమొహం వేసుకుని నిలబడండి. లేదంటే వేరే ఉద్యోగం చూసుకోండి.”

“సరే, ఇప్పట్నుంచే నాకు జపనీస్ రాదు. మీరు తిట్టిందంతా మళ్ళీ ఇంగ్లీషులో తిట్టండి, వింటాను.”

ఇంగ్లీషు బడి నడిపే ఆ మేనేజరమ్మ బిక్కమొహం వేసింది.