గడప దాటే ముందు ఒక ఆట

(పుత్తూరులో తోలుబొమ్మలు చేసే ఒక ఇంటి వసారా. దండెం మీద తెల్ల పంచె తెరగా కట్టి ఉంది. దాని వెనక కోడలు లోహిత, అత్త నాగరత్నమ్మ.)

“రెండు చేతులూ ఎడమవే కోసేసినా అత్తా. సీతమ్మకు కుడి చెయ్యే లేదు. నిన్నంతా ఏడ్చినా.”

“తోలుబొమ్మకు ఎడమేంది, కుడేంది లోహితా? ఒక చెయ్యి తిరగేసి కట్టు. అయిపాయె.”

“తిరగేస్తే కుడిదైపోతాదా?”

“రెండు పక్కలా రంగు పూసినావు కదా. ఇంకేం కావల్ల?”

“మరి దినమంతా ఏడిస్తినే. తొమ్మిదో తరగతితోనే బడి మానేసిన బుర్ర అత్తా, ఏడ్చేది ముందు, ఆలోచించేది తర్వాత.”

“సరేలే. మూడింటి బస్సుకు బొమ్మ పోవల్ల. పట్టుకో, ఒక ఆట ఆడిచ్చి పంపిద్దాం.”

“సూసేదానికి ఎవురుండారు? నా కొడుకు బాలచంద్ర కూడా ఉయ్యాల్లో నిద్రపోతా ఉండాడు.”

“నిద్రపోయేవాళ్ళ ముందర ఆడేది మనింటికి కొత్తా? మీ మామ ఆడితే ఊరు ఊరే గుర్రు పెట్టేది. ఆఖర్న కన్ను పొడిచి ప్రాణం పోసిన బొమ్మ మనింట్లో ఒక్కసారన్నా మాట్లాడల్ల. లేకుంటే పోయిన చోట అలుగుతాది. నేను రావణుణ్ణి పట్టుకుంటా. నువ్వు సీత. ఊఁ, కానీ.”

“ఏం మాట్లాడేది?”

“నోటికొచ్చింది.”

“‘ఓ రావణా. నేను సీతను.’”

“‘తెలుసులేవే. ఎత్తుకొచ్చినోణ్ణి నేనే కదా.’”

“నవ్విచ్చబాక అత్తా, బొమ్మ వణకతా ఉండాది.”

“వణికేది బొమ్మ కాదు, నువ్వు. ‘సీతా, అశోకవనంలో నీకేం తక్కువ? బియ్యం లేదా, గ్యాసు లేదా? మొగం ఎందుకట్ల ఏలాడేసినావు?’”

“‘తక్కువేమీ లేదు. ఒక మాట అడగల్ల. భయం.’”

“‘అడుగు. నాకు ఇరవై చెవులు. ఏదో ఒకదాంట్లో పడతాది.’”

“‘తిరపతిలో ఒక బడి ఉండాది. పిల్లోళ్ళకు తోలుబొమ్మలు చేసేది నేర్పిచ్చల్లంట. పది దినాలు. పొద్దన పోయి సాయంత్రం వచ్చేయొచ్చు.’”

“‘ఎవుర్ని పిల్చినారు?’”

“‘సీతనే.’”

“‘ఇది రామాయణంలో యాడుండాది?’”

“నోటికొచ్చింది అనమంటివి కదత్తా.”

“అంటిని. ‘సరే సీతా, నువ్వు లంక దాటిపోతే ఉయ్యాల్లో ఉండే లవుని గతేంది?’”

“‘అదే నా భయం. మొన్న ఉప్పుకని అంగడికి పోయి వచ్చేలోపల వాడు కుంకుమ మింగేసినాడు.’”

“‘మింగలా. నాలుకకు పూసుకున్నాడు, నేను కడిగినా. నువ్వు వాణ్ణెత్తుకోని ఆసుపత్రికి ఉరికితివి. డాక్టరు వాణ్ణి సూసి నవ్వి, నీకు మాత్ర ఇచ్చి పంపిచ్చినాడు.’”

“‘అది రావణుడికి ఎట్ల తెలుసు?’”

“‘పుత్తూరంతా తెలుసు.’”

“‘పోతే వాడు ఏడస్తాడు. పోకపోతే నేను ఏడస్తా.’”

“‘ఏడిస్తే వానికి బెల్లం ముక్క పెడతా, ఊరుకుంటాడు. నీకేం పెట్టినా ఊరుకోవు. అందుకే పో.’”

“అత్తా, పొమ్మంటా ఉండావా?”

“నేనేడ అన్నా? రావణుడు అన్నాడు.”

“బొమ్మ దించి చెప్పు.”

“దించినా. పో. నీ మొగుణ్ణి పెంచింది ఈ తెర ఎనకే కదా. చేతుల్లో బొమ్మలు, కాలి బొటనేలికి ఉయ్యాల తాడు. ఇప్పుడు చేతులు కూడా ఖాళీ.”

“నన్ను తిట్టత్తా.”

“ఎందుకు?”

“ముందు తిట్టు, తర్వాత చెప్తా.”

“చెప్పు, తర్వాత తిడతా.”

“నేను రానని మంగళవారమే చెప్పేసినా. ఆ బడిలో ఐశ్వర్య మేడమని, ఆమెకు.”

“ఏమని చెప్పినావు?”

“భయమని చెప్పేదానికి సిగ్గేసింది. అందుకని…”

“అందుకని?”

“మా అత్త పంపీదు అని చెప్పినా.”

“ఊఁ.”

“‘అయ్యో, మీ అత్త అట్లాంటిదా’ అనింది ఆమె. నేను ఊఁ అన్నా. రెండుసార్లు అన్నా.”

“రెండోది ఎందుకే?”

“సిగ్నల్ సరిగ్గా లేదేమోనని.”

“మరి ఇప్పుడు నన్నెందుకు అడిగినావు?”

“నువ్వు ఒద్దంటావు, నా అబద్ధం నిజమైపోతాదని. నువ్వేమో పొమ్మంటివి. ఇప్పుడు పోయే దారీ లేదు, నిన్ను తిట్టుకునే దారీ లేదు.”

“నీ అబద్ధం తెలిసే కదే, ఈ పొద్దు రావణుణ్ణి నేను పట్టుకునింది.”

“తెలుసా? ఎట్ల?”

“బుధవారం ఆమె మళ్ళీ చేసింది. నువ్వు పిల్లోనికి నీళ్ళు పోస్తా ఉంటివి, ఫోన్ నేనెత్తినా. నేను నోరు తెరిచేలోపలే ‘లోహితా, మీ అత్తను ఇంకొక్కసారి అడగకూడదా’ అనింది.”

“అయ్యో. నువ్వేమన్నావు?”

“ముప్పై ఏండ్లు సీతకు, మండోదరికి, శూర్పణఖకు గొంతిచ్చినదాన్ని, నీ గొంతు నాకొక లెక్కా? నీ మాదిరే రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, ‘మా అత్త ఒప్పుకునింది మేడమ్, సోమవారం వచ్చేస్తా’ అని చెప్పినా.”