రెండు కోట్ల కళ్ల వల

నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. మౌలాలిలో మా అపార్ట్‌మెంట్ వాళ్లనెవర్నైనా అడగండి, నవ్వి ఊరుకుంటారు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని నేను మొదలెట్టింది కూడా చిన్న సంగతే.

"మా మనవరాలు సుధకి ఓడ లెక్క తప్పితే, దిద్దింది నేనే."

పక్కింటి శారదమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. రెజిమెంటల్ బజార్‌లో ఇనుప సామాన్ల కొట్టున్న ఓంప్రకాశ్ స్కూటరు ఆపి, "ఓడ లెక్కేంది పెద్దమ్మా?" అన్నాడు.

"ఓడ వెనకాల నీళ్లలో పంకా ఉంటుందయ్యా. అది తిరిగితే సుడులు లేస్తాయి. ఏ సుడి ఎటు పోతుందో, పంకా ఓడని ఎంత బలంగా నెడుతుందో మా గుంట సుధ కంప్యూటర్లో లెక్క కడుతుంది. నిజం పంకాని నీళ్లతొట్టెలో తిప్పి కొలిచిన లెక్క ఇంకోటుంది. రెండూ కలవాలి. రెండుసార్లు కలవలేదు. ఇవాళ మూడోసారి ఆఫీసులో పెద్దవాళ్లకి చూపిస్తోంది. ఇదీ తప్పితే పని ఇంకొకరికి ఇచ్చేస్తారట."

"అయ్యో!" శారదమ్మ చేతిలో కాయ ఆగిపోయింది.

"అయ్యో దేనికీ, నేను లేనూ? భీమిలిలో మా అయ్య పక్కన కూర్చుని వలలల్లిన చేతులివి. లెక్క కట్టే ముందు కంప్యూటర్లో ఆ నీళ్లంతటా ఒక వల పరుస్తారు. చూద్దును కదా, అన్ని కళ్లూ ఒక్కటే సైజు! 'ఓలమ్మ, వల చివర సంచిలో కన్ను సన్నంగా ఉండాలే, లేకపోతే చిన్న చేప జారిపోదూ? పంకా రెక్క అంచున పుట్టే చిన్న సుడులు నీకలాగే జారిపోతన్నాయి' అన్నాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? నేనే కూర్చుని అల్లేశాను. అన్నం ఉడికేలోగా రెండు కోట్ల కళ్లు!"

"రెండు కోట్లే?" అన్నాడు ఓంప్రకాశ్.

"దిష్టి తగుల్తుందని తగ్గించి చెప్పానయ్యా. కంప్యూటరు వేడెక్కిపోతే దాని మీదే నెత్తళ్ల చేపలు వేయించాను. సుడులు ఒక్కొక్కటీ వచ్చి పడుతుంటే చెవి పట్టుకుని వరసలో నిలబెట్టాను. ఒకటి మాత్రం, తాటిచెట్టంతది, వల తెంపుకుని తెరలోంచి బయటికి దూకింది. మూడంతస్తుల మెట్లు దిగింది. మౌలాలి స్టేషన్ మునిగింది. రైళ్లు ఆగిపోతే ఏం చేస్తాం? ఇంజను వెనకాల ఆ పంకానే బిగించి, బండిని బొల్లారం దాకా తేల్చుకుంటూ పోయాను. మిలట్రీ వాళ్లంతా సెల్యూట్!"

"నేనా దినం బొల్లారంలనే ఉన్న పెద్దమ్మా. నా కాలి చెప్పు సుత తడ్వలే."

"ఏ దినమో నేను చెప్పందే?"

అందరూ నవ్వారు. నవ్వుతూనే శారదమ్మ అంది, "ఇంత చేసి వచ్చినవారు, ఆటో చప్పుడైతే చాలు, గేటు దాకా ఎందుకు పోతున్నారు అచ్చియమ్మగారూ?"

నేను ఆవిడ పళ్లెంలోంచి ఓ చిక్కుడుకాయ తీసుకుని ఈనె లాగాను.

ఇంతలో నిజంగానే ఆటో ఆగింది. సుధ దిగింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు. మెట్ల దాకా వచ్చి, నా పక్కన కూలబడి, "కలిసింది" అంది. అంతే అంది. నాకు ఊపిరొచ్చింది. ఊపిరితోపాటు నోరూ వచ్చింది.

"చూశారా నా వల!"

"నీ వలా?" సుధ వాళ్ల వైపు తిరిగింది. "రెక్క దగ్గర కన్ను సన్నగా ఉండాలని నాకు మొదటిరోజే తెలుసు ఆంటీ. మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలంటే ఓపిక చచ్చిపోయింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం రాజీనామా రాద్దామని కాయితం తీశాను. రెండు లైన్లు రాశానో లేదో, ఈవిడ వచ్చి నా కుడిచెయ్యి పట్టుకుని నిద్రపోయింది. లాక్కుంటే లేస్తుందని మూడు గంటలు కదల్లేదు. ఊరికే కూర్చోలేక ఎడమచేత్తో మౌస్ పట్టుకుని వల మళ్లీ మొదలెట్టాను. అమ్మమ్మ చేసిందల్లా గురకపెట్టడమే."

ఓంప్రకాశ్ స్కూటరు మీద పడి నవ్వాడు. "నిద్రవోయి గెలిచినవా పెద్దమ్మా!"

నేను సుధ మొహం మీద చెమట కొంగుతో తుడిచాను.

"నిద్రపోయానని నీకెవరు చెప్పారే?" అన్నాను.