రెండోవాడినైనా సరే

విడిభాగాల దుకాణంలో అతను భార్య బండికి ఫ్రేమ్ స్లైడర్లు చూస్తున్నాడు. పడితే ఇంజను నేలకు రాసుకోకుండా అడ్డుపడే దిమ్మలవి. చేతిలో పొట్టివి ఉన్నాయి గానీ మనసు వాటి మీద లేదు.

"ఆ పొడుగువి తీసుకుందామండీ. దెబ్బంతా అవే కాస్తాయి," అంది పక్కనే ఉన్న భార్య.

"ఎవరు చెప్పారు?"

"మాకు రైడింగ్ నేర్పే మాస్టారు."

"అనుకున్నా. కూరలో ఉప్పెంతో కూడా ఆయన్నే అడిగేలా ఉన్నావు."

"ఏమిటండీ ఆ ఉడుకుమోత్తనం?"

"మొన్న మలుపులో పడ్డావట. పక్కింటాయన చెబితే తెలిసింది నాకు. మాస్టారికి మాత్రం అప్పుడే తెలుసు."

"నా వెనకే వస్తున్నారాయన. బండి లేపి నిలబెట్టారు."

"నిన్నో?"

"నేనే లేచాను."

అతనికి కాస్త ఊపిరాడింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే తాళం దాచేస్తారని. అప్పట్లో సైకిల్ మీంచి పడ్డప్పుడు అదేగా చేశారు!"

అతను పొట్టివి పక్కన పెట్టి, పొడుగువి దుకాణదారు ముందుకు జరిపాడు.

"ఇవే బిగించండి."

తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"తాళం దాచనులే. ఈసారి పడితే మాత్రం నాకు చెప్పు."

"మాస్టారి కంటే ముందా?"

"ఆయన నీ వెనకే ఉంటాడుగా, ఎలా కుదురుతుంది? రెండోవాడినైనా సరే, చెప్పు."