డప్పు కలిపిన శోకం

క్రోసూరులో ఒక చావింటి ముందు, టెంటు కింద, పోయినాయన చెల్లెలూ ఆమె మేనల్లుడూ మాట్లాడుకుంటున్నారు. లోపల శవం పక్కన భార్య నోరు మెదపకుండా కూర్చుని ఉంది.

“అత్తా, పిన్ని శోకాలు పెట్టదేంది? పాడె లేపే టైమయింది.”

“ముందు ఆ ఫోను జేబులో పెట్టు.”

“ఊరికే పట్టుకున్నాలే. పోయినేడు పిన్ని కొడుకు, మా తమ్ముడు పోయినప్పుడు ఎంత రాగంగా ఏడ్చింది! నెట్‌లో నా పేజీలో ఎన్ని వింత పాటలు పెట్టినా, అప్పుడు ఫోన్లో తీసి పెట్టిన ఆ ఏడుపుని మించింది లేదు.”

“దానికి డప్పు కలిపింది నువ్వే కదా?”

“డప్పు లేకపోతే ఎవరింటారు?”

“మొన్న పెళ్లి ఊరేగింపులో కుర్రోళ్లు అదే పెట్టుకుని ఎగిరారు. ‘నా బంగారు కొండా’ అని కొడుక్కోసం ఏడ్చిన ఏడుపది. వదిన గుమ్మంలో నిలబడి చూసింది. ఆ రోజు నుంచీ గొంతెత్తలా.”

“చూశావా, ఎంత ఫేమసయిందో!”

“తీసెయ్‌రా, నీకు దణ్ణం పెడతా. తీసేశావని చెబితే ఏడుస్తదేమో. పోయినోడికి ఏడుపు వినపడుద్దో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇట్టా బిగబట్టుకుంటే వదిన మాత్రం బతకదు.”

“నేను తీస్తే ఏం లాభం, అందరి ఫోన్లలో ఉంది. పోనీ నువ్వందుకో అత్తా. సొంత అన్నే కదా. నీ గొంతూ బానే ఉంటది.”

ఆమె నోరు తెరిచింది. అతని ఫోను పైకి లేచింది. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

పాడె లేచేటప్పుడు డప్పుల చప్పుడొక్కటే వినపడింది.