నాలుగూ యాభై బస్సు

హార్న్‌స్టో పోలీసు స్టేషన్, 2025 నవంబరు 25, మంగళవారం, ఉదయం 10.20. నమోదు చేసినవారు కానిస్టేబుల్ వార్బర్టన్.

నా పేరు హిలరీ పించ్‌బెక్. వయసు అరవై ఎనిమిది. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఈ ఊళ్లోనే మిల్ లేన్‌లో ఒక్కదాన్నే ఉంటాను. మందుల షాపులో ముప్పై ఒక్క ఏళ్లు చీటీ చూసి మందులు కట్టి ఇచ్చే పని చేసి రిటైరయ్యాను. ఏడేళ్లుగా కోల్డ్‌బీ ఓపెన్ జైలు పర్యవేక్షక బోర్డులో సభ్యురాలిని, రెండేళ్లుగా అధ్యక్షురాలిని. జీతం లేని పని. మేము జైలు వాళ్లం కాము, బయటివాళ్లం. ఏ గదికైనా వెళ్లవచ్చు, ఏ ఖైదీతోనైనా ఒంటరిగా మాట్లాడవచ్చు. తిండి ఎలా ఉంది, హీటర్లు పనిచేస్తున్నాయా, మనిషిని బయటి బతుక్కి సిద్ధం చేస్తున్నారా లేదా అని చూసి రాయడం మా బాధ్యత. చూసి రాయడం వరకే.

నన్ను ఎవరూ పిలిపించలేదు. నా అంతట నేనే వచ్చాను. రావలసింది నవంబరు 7న. పద్దెనిమిది రోజులు ఆలస్యంగా వచ్చాను.

నేను చెప్పేది నెవిల్ థ్రెల్ఫాల్ అనే ఖైదీ గురించి. వయసు యాభై ఏడు. ముప్పై అయిదో ఏట తాగిన మత్తులో ఒక మనిషిని చంపాడు. యావజ్జీవం పడింది. ఇరవై రెండేళ్లు లోపలున్నాడు. కోల్డ్‌బీకి వచ్చి పద్నాలుగు నెలలు. అక్కడ గోడ లేదు, ముళ్లకంచె లేదు, గేటు దగ్గర రోడ్డు మీద ఒక తెల్లగీత ఉంది. దాన్ని దాటి పోవడం ఎవరికైనా చేతనవును. పోకుండా ఉండటమే అక్కడి పరీక్ష. నెవిల్ ఆ గీతకు గజం దూరంలో నడిచేవాడు, పొరపాటున కూడా కాలు పడకూడదని. గ్రీన్‌హౌసులో టమాటాలు పెంచేవాడు. జనవరిలో ఆయన విడుదల మీద విచారణ ఉంది. దానికి ముందు ఒంటరిగా ఊళ్లోకి వెళ్లి వేళకు తిరిగి రాగలనని చూపించాలి.

నవంబరు 4, మంగళవారం. ఆ వారం నా డ్యూటీ. ఉదయం 10.40కి సి బ్లాకులో మా పెట్టె తెరిచాను. ఖైదీలు మాకు చీటీలు వేసే పెట్టె అది. తాళంచెవి మా దగ్గర తప్ప గవర్నరు దగ్గర కూడా ఉండదు. అందుకే వాళ్లు నన్ను పెట్టె మేడమ్ అంటారు. అందులో ఒకటే చీటీ, నెవిల్‌ది. గురువారం తనను మొదటిసారి ఒంటరిగా ఈ ఊరికి పంపుతున్నారని, పొద్దున జైలు వ్యాను ఊళ్లో దింపుతుందని, సాయంత్రం అయిదున్నరకల్లా తనే బస్సులో వచ్చి గేటు దగ్గర ఉండాలని, బస్సు వేళలు ఎవరిని అడగాలో తెలియడం లేదని రాశాడు. శ్రమ ఇస్తున్నందుకు క్షమించమని కింద రాశాడు.

ఆ చీటీని సంబంధిత ఆఫీసుకు పంపాలి. అదీ పద్ధతి. జవాబుకు ఏడు రోజులు పడుతుంది. ఆయన వెళ్లేది రెండు రోజుల్లో. బ్లాకు ఆఫీసరు ఆడ్లీని అడిగాను. ఆయన మంచివాడే, నోటిదురద మాత్రం ఉంది.

"ఇరవై రెండేళ్లు లోపల ఆగినవాడు, బస్టాపులో ఓ గంట ఆగలేడా మేడమ్?" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. సిబ్బంది నిర్లక్ష్యం అని నోటుబుక్కులో రాసుకున్నాను. తర్వాత నా కారు దగ్గరకు వెళ్లాను. జూలైలో కారు రిపేరుకిచ్చినప్పుడు లైబ్రరీలో తీసుకున్న బస్సుల టైంటేబుల్ ఒకటి అందులో ఉంది. దాన్ని తీసుకున్నాను. పై పేజీలో తేదీలు వేసి ఉంటాయి. చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ సీసా మీదైనా తేదీ చూడకుండా చెయ్యి దాటనివ్వలేదు నేను. ఇది మందు కాదు కదా అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో ఇప్పుడు చెప్పలేను. తేదీ చూడలేదు.

11.15కి గ్రీన్‌హౌసుకి వెళ్లాను. అక్కడ మేమిద్దరమే ఉన్నాం. బోర్డు సభ్యులు ఖైదీకి ఏమీ ఇవ్వకూడదు. పెన్ను కూడా ఇవ్వకూడదు. ఆ సంగతి నాకన్నా ముందు ఆయనే అన్నాడు.

"మీరు నాకేం ఇవ్వకూడదు కదా మేడమ్?"

"ఇది ఇవ్వడం కాదు. అడిగినదానికి కాగితం మీద చెబుతున్నాను, అంతే," అన్నాను.

ముప్పై ఆరో నంబరు వరసలో చివరి బస్సు నాలుగూ యాభై. దాని చుట్టూ నేనెప్పుడూ రాసే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఊళ్లో ఏం చేస్తావని అడిగితే, తనకు నచ్చిన కుర్చీలో కూర్చుని టీ తాగుతానన్నాడు. గేటు దాకా నేను చాలా సంతోషంగా నడిచాను. ఇంతమంది జీతాలు తీసుకుని చేయని పని నేను చేశానని గర్వపడ్డాను. ఆ గర్వం కూడా రాయండి.

గురువారం జరిగినది నేను చూడలేదు, మర్నాడు ఆయన చెప్పగా విన్నాను. 4.30కే బస్టాపుకి వచ్చాడు. అప్పటికే చీకటి పడుతోంది. నాలుగూ యాభైకి బస్సు లేదు. అక్టోబరు 26తో వేసవి వేళలు అయిపోయాయి. చలికాలంలో చివరి బస్సు 3.20. స్టాపులో బస్సు వేళల పలక ఉంది, అది చూడలేదా అని మీరడిగారు. చూశాడట. పలక మీద ఒకటి ఉంది, నా కాగితం మీద ఒకటి ఉంది. నా కాగితాన్ని నమ్మాడు.

ఫోను ఎందుకు చేయలేదని కూడా అడిగారు. ఇలా పగటి సెలవు మీద ఊళ్లోకి వెళ్లేవాళ్లకు ఇవ్వడానికి జైల్లో అయిదు ఫోన్లున్నాయి. మూడు పనిచేయవు. మిగిలిన రెండూ ఆ రోజు వేరేవాళ్లు తీసుకెళ్లారు. ఈ సంగతి మేం ఏడాదిలో రెండుసార్లు రాశాం, పరిశీలిస్తున్నామని రెండుసార్లు జవాబొచ్చింది. స్టాపు పక్కన ఎర్ర ఫోను పెట్టె ఉంది గానీ అందులో ఫోను లేదు, గుండె ఆగినవాళ్లకు వాడే యంత్రం పెట్టారు. ఆయన తలుపు తెరిచి దాన్ని చూసి మళ్లీ మూశాడట. దారిన పోయేవాళ్లను అడగడానికి భయపడ్డాడు.

5.10కి నడక మొదలుపెట్టాడు. జైలుకు తొమ్మిది మైళ్లు. బీట్ దుంపల పొలాల దగ్గర దారి రెండుగా చీలుతుంది. చీకట్లో తప్పు దారి పట్టాడు. 6.05కి జైలు వాళ్లు ఖైదీ పారిపోయినట్టు ప్రకటించారు. 7.20కి మీ కారు ఆయన్ని పట్టుకునేసరికి జైలుకు ఎదురు దిక్కుగా నడుస్తున్నాడు. ఎందుకు తిరిగి రాలేదని మీ వాళ్లు అడిగితే, వేళ చూసుకోలేదని మాత్రమే చెప్పాడు.

డ్యూటీలో ఉన్న సభ్యురాలిని కాబట్టి ఆ రాత్రి జైలు వాళ్లు నాకు ఫోను చేశారు. మర్నాడు ఉదయం 7.35కి దారిలో కారు ఆపి బస్టాపు పలక చదివాను. రెండుసార్లు చదివాను. 8.10కి ఆయన్ని ఉంచిన గదికి వెళ్లాను. తొమ్మిదికి వ్యాను వస్తుంది, గోడలున్న జైలుకు తీసుకుపోతారు. ఆయన బూట్లు తడిగా గుమ్మం దగ్గర ఉన్నాయి. మేజోళ్లు లేవు, మడమలు చితికి ఉన్నాయి. ఎలా ఉన్నావని నేను అడగలేదు. కాగితం ఏదని అడిగాను.

"మీ వాళ్ల లైట్లు కనబడగానే చింపి మురుగుకాలవలో వేశాను మేడమ్. ఎర్ర సిరా ఎవరిదో ఈ జైల్లో అందరికీ తెలుసు," అన్నాడు.

మీ వాళ్లు అన్నాడు. పోలీసులు మా వాళ్లు కారని నేను అనలేదు.

"కాగితం ఉంటే నీకు పనికొచ్చేదిగా నెవిల్."

"నాకు లోపల ఉండటం అలవాటే. మిమ్మల్ని తీసేస్తే ఆ పెట్టె ఎవరు తెరుస్తారు? ఇంకా నూట ఎనభై మంది ఉన్నారిక్కడ. ముందున్నాయన నెలకోసారి వచ్చేవాడు. మీరు ఏమీ చెప్పకండి."

నేను థాంక్స్ అన్నాను. ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి. ఇరవై రెండేళ్ల తర్వాత బయటపడబోయే మనిషి, నా వల్ల మళ్లీ లోపలికి పోతూ, నన్ను కాపాడతానంటే, థాంక్స్ నెవిల్ అన్నాను. అప్పుడు నా గుండె తేలికపడింది. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

తర్వాత మా బోర్డు ఫారం నింపాను. ఖైదీ ఫిర్యాదులు అన్న చోట లేవు అని రాశాను. వారం నివేదికలో, ఒక ఖైదీ సెలవు నుంచి వేళకు రాలేదు, సిబ్బంది వెంటనే స్పందించారు అని రాశాను. రెండూ నా చేతిరాతే. కాపీలు ఇస్తున్నాను.

ఎందుకు దాచానంటే ఒకటి చెప్పాలి. కిందటేడు బెరిల్ అనే సభ్యురాలు ఒక ఖైదీకి పుట్టినరోజు కార్డు ఇచ్చింది. రాజీనామా చెయ్యమని ఆమెకు ఉత్తరం రాసింది నేనే. ఎంత చిన్నదైనా సరే, ఇవ్వడం ఇవ్వడమే అని రాశాను. బెరిల్ ఇప్పటికీ బజారులో కనబడితే పలకరిస్తుంది. అది మరీ కష్టంగా ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం రెండుకు బోర్డు సమావేశం. నేనే నడిపాను. ఈ గురువారం కోర్టులో థ్రెల్ఫాల్ పారిపోయిన నేరం ఒప్పుకోబోతున్నాడని డిప్యూటీ గవర్నరు చదివారు. ఒప్పుకుంటే జనవరి విచారణ ఉండదు. మళ్లీ ఓపెన్ జైలుకు పంపే మాట రెండేళ్ల దాకా ఎత్తరు. ఎవరైనా ఏమైనా చెప్పాలా అని సభ్యులను నేనే అడిగాను. తర్వాతి అంశం అన్నాను. తర్వాతి అంశం వంటింటి నేల మీద పగిలిన పలకలు. దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఇవాళ పొద్దున ఇక్కడికి వచ్చాను.

ఆయన నాకేమైనా ఇచ్చాడా, ఇలా చెప్పమని బెదిరించాడా, నాకు ఆయన మీద ఇష్టముందా అని మీరడిగారు. కోర్టులో కూడా అడుగుతారని చెప్పారు. ఖైదీల మాయలో పడకూడదని మాకు శిక్షణ ఇచ్చింది కూడా మీలాంటివారే, అందుకని మీ ప్రశ్న మీద నాకు కోపం లేదు. సెప్టెంబరులో రెండు టమాటాలు ఇవ్వబోయాడు. తీసుకోలేదు. అంతకుమించి ఏమీ లేదు. ఆయన మీద నాకు గౌరవం ఉంది.

కాగితం లేదు కాబట్టి ఉన్నది నా మాట ఒక్కటే అని మీరన్నారు. నిజమే. నేనిక్కడికి వచ్చినట్టు నెవిల్‌కు తెలియదు. మీరు వెళ్లి అడిగితే అసలు కాగితమే లేదంటాడు. పెట్టె మేడమ్ తనకేమీ ఇవ్వలేదంటాడు. ముసలావిడ జాలిపడి కట్టుకథ చెబుతోందని కూడా అనగలడు. నేను ఏడేళ్లుగా అక్కడ ఎందరి మాటలో విని రాశాను, వాళ్లందరిలో అబద్ధం చెప్పడని నేను పూచీ ఉండగల మనిషి ఆయన ఒక్కడే. ఈ ఒక్క విషయంలో మాత్రం కోర్టు ఆయన్ని నమ్మవద్దని వేడుకుంటున్నాను.

ఇది నాకు చదివి వినిపించారు. రెండు చోట్ల దిద్దించాను. ఇందులో అబద్ధముంటే నన్ను శిక్షించవచ్చునని తెలిసే, ఎవరి బలవంతమూ లేకుండా సంతకం చేస్తున్నాను.

(సంతకం) హిలరీ పించ్‌బెక్
ఉదయం 11.55