ఈల గది కొలతల మాస్టారు

1988 జూలై 11, సోమవారం ఉదయం మన విద్యుత్ పరిశోధనాలయంలో సాంకేతిక సహాయకులుగా చేరిన కొలతల మాస్టారు, ముప్పై ఆరు సంవత్సరాల సేవ అనంతరం ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వ్యాసం రాయవలసినవాడు, ఆయన వద్ద పదిహేడేళ్లు పనిచేసిన మా తమ్ముడు. వాడు నిరుడు మమ్మల్ని విడిచి వెళ్లిపోయాడు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఈ సంస్థ వార్షిక నివేదికల భాషను సరిచూసేదాన్ని కనుక, ఆ పని నాకు అప్పగించారు.

ఆయన చేరిన నాటికి ఇన్వర్టర్ల విభాగమంటే మెట్ల కింద ఇరుకు గది, రెండు బల్లలు, ఒక మోటారు. బ్యాటరీ నుంచి ఒకే దిశలో వచ్చే విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెంచి, ఒక తునకను వెడల్పుగా, మరొకదాన్ని సన్నగా మలచి, మోటారుకు తరంగంలా అందించడమే అక్కడి పరిశోధన. ఆ తెంపులకు మోటారు ఈల వేసేది. అలా అది ఈల గది అయింది. వరండాలో వెళ్లేవారు చెవులు మూసుకుంటే, మాస్టారు ఆ ఈల తీరును బట్టే, "బోర్డు వేడెక్కుతోంది, కాస్త ఆపండి బాబూ" అనేవారట.

1996లో పరీక్షా విభాగం బాధ్యత ఆయనకు వచ్చింది. ప్రతి అంకె పక్కనా దాన్ని ఏ మీటరుతో కొలిచారో రాయాలన్న నియమం అప్పుడు పెట్టినదే. రాయని కాగితం మీద ఆయన సంతకం పడేది కాదు.

2009లో మా తమ్ముడు డాక్టరేటు కోసం తయారుచేసిన ఇన్వర్టరు తొంభై ఏడు శాతం సామర్థ్యం చూపింది. సోమవారం పరిశీలక సంఘం రావాలి. వారు ఔనంటేనే పట్టా. శుక్రవారం మాస్టారు కాగితాలు తిరగేశారు. మీటరు పేరు రాయవలసిన గడి ఖాళీగా ఉంది.

"ఏ మీటరయ్యా ఇది?"

"బల్ల మీదిదే సార్. తొందరలో..."

"అది గోడ ప్లగ్గులో కరెంటు చూసుకోడానికి. నువ్వు ముక్కలు చేసి పంపే కరెంటుకి అదేం చెబుతుంది, దాని మొహం! పెద్ద మీటరు పెట్టు."

"సోమవారమే కమిటీ సార్. ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు..."

"ఇంత లావు కళ్లద్దాలు పెట్టుకుని చూడనట్టు ఎలా ఉండమంటావు?"

ఆ శని, ఆదివారాలు ఇద్దరూ మళ్లీ కొలిచారు. ఎనభై ఎనిమిది వచ్చింది. తమ్ముడు ఇంటికి వచ్చి చెప్పులైనా విప్పకుండా, "నోటికాడి కూడు లాగేశారక్కా" అన్నాడు. సోమవారం మాత్రం సంఘం ముందు నిలబడి, పాత అంకె తప్పని తానే చెప్పాడు. పట్టా ఏడాదిన్నర వెనక్కు పోయింది. ఆ ఏడాదిన్నరా మాస్టారు తన పని ముగించుకుని వాడి బల్ల దగ్గర కూర్చున్నారు. ఇన్వర్టరులో కరెంటును తెంచే ఒక స్విచ్చు ఆగాక రెండోది పనిచేసే లోపల వదిలే విరామం అవసరానికి మించి ఉందని, అందువల్ల తరంగం చెదురుతోందని ఇద్దరూ కనుగొన్నారు. సరిచేసిన ఇన్వర్టరు తొంభై మూడు శాతం ఇచ్చింది. దానికే పట్టా వచ్చింది.

2015 నుంచి సంస్థలోని కొలత పరికరాలన్నిటి బాధ్యతనూ ఆయనే వహించారు. ఆ బాధ్యతను వారు ఎంత శ్రద్ధగా నెరవేర్చారో నాకన్నా మీకే బాగా తెలుసు.

నిరుడు సంతాప సభలో అందరూ మా తమ్ముణ్ణి గొప్పగా పొగిడారు. వాడు పొరపాటన్నదే ఎరగని మనిషన్నారు. అంతా ప్రేమతో అన్న మాటలే అయినా, ఆ మనిషి నాకు కొత్తగా అనిపించాడు. మాస్టారి వంతు చివర వచ్చింది. "తొందరెక్కువ వాడికి. నాతో పోట్లాడేవాడు. తొంభై ఏడు రాసుకొచ్చాడొకసారి. పది మందిలో ఎనభై ఎనిమిదని చెప్పినవాడూ వాడే" అని కూర్చున్నారు. మా ఇంట్లో పెరిగిన తమ్ముడు ఆ మాటల్లో నాకు మళ్లీ కనిపించాడు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

మాస్టారూ, మీరూ మీ ఇల్లాలూ పిల్లలూ సుఖంగా ఉండాలి. మా వాడికి మిగలకుండా పోయిన ఆయుష్షు కూడా పోసుకుని, మీరు ఆరోగ్యంతో నిండు నూరేళ్లు జీవించాలని కోరుకుంటున్నాను.